పెద్దవాళ్లకు ఆన్‌లైన్ పాఠం: గంటన్నర లైవ్ మేలా, వీడియో ముందిచ్చి 40 నిమిషాలు మేలా?

పగలంతా చీమకుర్తి గ్రానైట్ ఆఫీసులోనో, ముత్తుకూరు వైపు రొయ్యల మేత షాపులోనో పనిచేసి, రాత్రి ఫోన్ ముందు కూర్చుని ట్యాలీ (వ్యాపార లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్), జీఎస్టీ నేర్చుకునేవాళ్ల సంగతి ఇది. వీళ్లకు చెప్పడానికి రెండు దారులున్నాయి. ఒకటి, టీచర్ స్క్రీన్ షేర్ చేసి గంటన్నర లైవ్‌లో అంతా తనే చెప్పడం. రెండోది, పది నిమిషాల వీడియో ముందురోజే వాట్సాప్‌లో పంపి, లైవ్‌లో 40 నిమిషాలు వాళ్ల చేత చేయించడం. నేను రెండోదే మేలంటాను, ఒక్క మినహాయింపుతో.

గంటన్నర లైవ్‌కు ఒక బలముంది. టైముకి అందరూ వచ్చి కూర్చుంటారు. కానీ ట్యాలీ అక్షరాలు ఫోన్‌లో చీమల్లా కనిపిస్తాయి. సందేహం అడుగుదామని చాట్ తెరిస్తే పాఠం దాని వెనక్కి పోతుంది. పైగా చివర్లో అందరూ "అర్థమైంది సార్" అంటారు. అబద్ధం చెప్పడం లేదు, ఆ క్షణానికి అర్థమయ్యే ఉంటుంది. 2006లో రోడిగర్, కార్పికె అనే అమెరికా పరిశోధకులు తేల్చింది కూడా ఇదే: ఐదు నిమిషాల తర్వాత అడిగితే పాఠాన్ని మళ్లీ చదివినవాళ్లకే ఎక్కువ గుర్తుంది, వారం తర్వాత అడిగితే, చూడకుండా గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లే ముందున్నారు. షాపులో బిల్లు ఎక్కించాల్సింది వారం తర్వాతే కదా!

అందుకే లైవ్ టైమంతా చేయించడానికే ఉంచాలి. ప్రతి నెలా 14న జీఎస్టీఆర్-2బీ (మనకు అమ్మినవాళ్లు చూపిన బిల్లుల జాబితా) వస్తుంది, నెలనెలా రిటర్న్ వేసేవాళ్లు 20లోగా జీఎస్టీఆర్-3బీ (ఆ నెల పన్ను లెక్క చూపే రిటర్న్) వేయాలి. ఆ మధ్య రోజుల్లో పెట్టే క్లాసుకు ఎవరి కొనుగోలు లెక్క వాళ్లు తెచ్చుకోమనండి. సప్లయర్ తన జీఎస్టీఆర్-1లో (అమ్మకాల రిటర్న్‌లో) ఎక్కించని బిల్లు 2బీలో కనపడదు. తన ఓనర్‌కు రావాల్సిన క్రెడిట్ (కొనుగోలుపై కట్టిన పన్నుకు వచ్చే తగ్గింపు) ఎక్కడ ఆగిందో తనే పట్టుకున్న మనిషికి ఆ పాఠం ఇంకోసారి చెప్పక్కర్లేదు.

పెద్దవాళ్లకు తమ బతుకులోని విషయమే పాఠమైతే ఏమవుతుందో మన జిల్లా ఎప్పుడో చూసింది. సారా వ్యతిరేక ఉద్యమం 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాజుకుంది అక్షరాస్యత తరగతుల్లోంచే. వాచకంలోని తాగుడు కథ తమ ఇంటి కథేనని ఆడవాళ్లు గుర్తుపట్టారు, దాని గురించి తమలో తాము మాట్లాడుకున్నారు. టీచర్ ఒక్కరే మాట్లాడే లైవ్‌లో ఆ మాటలకు చోటేది?

ఆ చోటు జూమ్‌లో బ్రేకౌట్ రూమ్‌లు, అంటే క్లాసును చిన్న గుంపులుగా విడదీసే గదులు, ఇస్తాయి. టీచర్ కంప్యూటర్లో ఉంటే చాలు, మిగతావాళ్లు ఫోన్లోనే చేరొచ్చు. నలుగురేసి చొప్పున కలపండి. ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు కావాల్సిన ఆన్‌లైన్ పత్రం) సంగతి గ్రానైట్ ఆఫీసు గుమస్తాకు టీచర్ కంటే బాగా తెలిసి ఉండొచ్చు, ఆయన్నే చెప్పనివ్వండి. అరవై మంది ముందు నోరు విప్పని అక్క కూడా నలుగురిలో అడుగుతుంది. కెమెరా ఆన్ చేయమని మాత్రం పట్టుబట్టొద్దు. వంటింట్లో కూర్చుని వినేవాళ్లుంటారు. ఉచిత ఖాతాలో మీటింగ్ 40 నిమిషాలకు ఆగిపోయినా ఈ పద్ధతికి ఇబ్బంది లేదు.

ఇక మినహాయింపు. కీబోర్డు కొత్తగా పట్టుకున్నవాళ్లు వీడియో చూసి నేర్చుకోలేరు, టెన్షన్ పడి మానేస్తారు. వాళ్లకు మొదటి రెండు వారాలు లైవ్‌లోనే, నెమ్మదిగా, చిన్న బ్యాచ్‌గా చెప్పాలి. మిగతావాళ్లలోనూ కొందరు వీడియో చూడకుండానే వస్తారు. మందలించొద్దు; చూసినవాళ్లలో ఒకరి చేత మొదటి ఐదు నిమిషాలు చెప్పిస్తే సరిపోతుంది.

అరవై మందికి టీచర్ ఒక్కరే ఉంటే రెండు బ్యాచులు చేయండి. రెండు 40లు కలిపినా 80 నిమిషాలే, గంటన్నర కంటే తక్కువ.