సెకండ్ హ్యాండ్ ఆక్టేవియా ఆర్‌ఎస్ డీజిల్: రోజూ ఆఫీసుకి పనికొస్తుందా?

నేను నడుపుతున్నది మూడో తరం స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్, 2.0 లీటర్ల టీడీఐ (టర్బో డీజిల్ ఇంజిన్). 184 హార్స్ పవర్, 380 ఎన్‌ఎం టార్క్ (బండిని లాగే బలం). అసలు మజా ఏంటంటే, ఆ టార్క్ అంతా ఇంజిన్ ఇంకా నెమ్మదిగా తిరుగుతుండగానే, 1,750 ఆర్‌పీఎం దగ్గరే అందుతుంది. హైవే మీద లారీని దాటాలంటే కాలు కాస్త ఆనిస్తే చాలు. చప్పుడు మాత్రం అచ్చం డీజిల్‌దే; పొద్దున్నే స్టార్ట్ చేస్తే ఆ గరగర దాచినా దాగదు. డిక్కీ 590 లీటర్లు, సామాన్ల గొడవే లేదు.

కొనేముందు తేల్చుకోవాల్సింది డీపీఎఫ్ సంగతి. పొగలోని మసిని పట్టే ఈ ఫిల్టర్, దాన్ని కాల్చేసి తనంతట తాను శుభ్రపడాలంటే ఇంజిన్ బాగా వేడెక్కి, బండి కాసేపు ఆగకుండా నడవాలి. ఆఫీసు నాలుగు వీధుల అవతలే ఉంటే దీని జోలికి వెళ్లకండి, పెట్రోల్‌ది తీసుకోండి. టెస్ట్ డ్రైవ్ అయ్యి ఇంజిన్ ఆపాక కూడా ఫ్యాన్ గిర్రున తిరుగుతూ, వేడి వాసన కొడుతోందా? మసి కాలుతుండగా మధ్యలో ఆపేసి ఉండొచ్చు. ఒకసారైతే పర్లేదు, ప్రతిసారీ అదే తంతయితే అనుమానించాలి.

ఆరు గేర్ల డీఎస్‌జీ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్) అయితే 60,000 కిలోమీటర్లకోసారి గేర్‌బాక్స్ ఆయిల్ మార్చిన బిల్లులు అడగండి. "మార్చాం, బిల్లు ఎక్కడో ఉంది" అంటే నేనైతే బేరం అక్కడే ఆపేస్తాను.