ముందు చెయ్యి ఎత్తండి, తర్వాతే కాంట్: శాండెల్ 'జస్టిస్' పాఠాలు ఎలా ఉన్నాయంటే

సివిల్స్ ఎథిక్స్ పేపర్‌కి మార్కెట్లో దొరికే నోట్స్ అన్నీ ఒకేలా ఉంటాయి. తత్వవేత్తల్లో బెంథామ్ అంటే ప్రయోజనవాదం (ఎక్కువ మేలు జరిగేదే సరైన పని అనే వాదం), కాంట్ అంటే కర్తవ్యం, అరిస్టాటిల్ అంటే సద్గుణం. పేర్లు గుర్తుంటాయి కానీ, కేస్ స్టడీ (ఒక పరిస్థితి ఇచ్చి మీరైతే ఏం చేస్తారని అడిగే ప్రశ్న) ముందు కూర్చుంటే పెన్ను కదలదు. ఆ పేపర్‌లో దాదాపు సగం మార్కులు కేస్ స్టడీలవే.

హార్వర్డ్ ప్రొఫెసర్ మైకేల్ శాండెల్ 'జస్టిస్' పాఠాలది పూర్తిగా వేరే పద్ధతి. 2009లో వీడియోలుగా వచ్చాయి, యూట్యూబ్‌లో ఉచితంగా చూడొచ్చు. పన్నెండు భాగాలు, ఒక్కోటి గంటలోపే. ఆయన నిదానంగా, స్పష్టంగా మాట్లాడతారు. తెలుగు మీడియంలో చదివినవాళ్లు ఇంగ్లిష్ గురించి టెన్షన్ పడక్కర్లేదు.

మొదటి భాగంలో 1884 నాటి కేసు ఒకటి వస్తుంది. మిన్యొనెట్ అనే ఇంగ్లిష్ పడవ మునిగిపోయి, నలుగురు చిన్న బోటులో సముద్రం మీద చిక్కుకుపోతారు. తిండికి ఉన్నది రెండు డబ్బాల టర్నిప్ దుంపలు. మంచినీళ్లు లేవు. రోజులు గడిచాక కెప్టెన్ డడ్లీ, పదిహేడేళ్ల రిచర్డ్ పార్కర్ అనే కుర్రాణ్ణి చంపుతాడు. మిగతా ముగ్గురూ ఆ శరీరం తిని బతుకుతారు. తప్పా, ఒప్పా? హాల్లో ఉన్న విద్యార్థుల్ని చేతులెత్తమంటారు శాండెల్. అక్కడితో వదిలిపెట్టరు. చీటీలు వేసి ఉంటే? కుర్రాడే ఒప్పుకుని ఉంటే? ఒక్కో ప్రశ్నకీ హాల్లో చేతులు మారిపోతుంటాయి. మనం ఏ సూత్రాన్ని పట్టుకుని వేలాడుతున్నామో అప్పుడు బయటపడుతుంది. బెంథామ్ పాఠం వివరంగా వచ్చేది ఆ తర్వాతే. అందుకే ప్రతి ప్రశ్న దగ్గరా వీడియో ఆపి, మీ జవాబు ఒక కాగితం మీద రాసుకుని ముందుకెళ్లండి. ఊరికే చూస్తూ పోతే సగం లాభం పోతుంది.

నాకు అన్నిటికంటే నచ్చింది ఆరో భాగం. కాంట్ 1785లో రాసిన పుస్తకంలోని దుకాణదారు ఉదాహరణ ఇందులో ఉంది. కొట్టుకొచ్చిన చిన్నపిల్లాడి లాంటి ఏమీ తెలియని కొనుగోలుదారుణ్ణి కూడా ఆ దుకాణదారు మోసం చేయడు, కానీ పేరు చెడితే వ్యాపారం పోతుందనే లెక్కతో. అది నిజాయితీ పనే, కానీ దానికి నైతిక విలువ లేదంటాడు కాంట్. మా నాన్న జనగామ బస్టాండు దగ్గర కిరాణా కొట్టు నడిపారు. ఆయనకి ఇది చెబితే కాసేపు ఆలోచించి అన్నారు: "తూకం తగ్గిస్తే పిలగాని తల్లి రేపు కొట్టు మెట్లెక్కదు, అది నిజమే బిడ్డా. మరి బస్సు దిగి బెల్లం కొనుక్కపోయేటోడు మళ్ల వస్తడా? ఆయనకు గూడ తక్కువ తూచలే గదా!" మళ్లీ రాని మనిషికి కూడా సరిగ్గా తూచడం. కాంట్ వెతికింది దాన్నే. ఏ కోచింగ్ నోట్స్‌లోనూ నాకు ఇంత బలమైన ఉదాహరణ దొరకలేదు.

ఎనిమిదో భాగం కూడా వదలొద్దు. మన పుట్టుక, తెలివి ఏవీ తెలియని తెర వెనక నిలబడి సమాజానికి నియమాలు రాయాలన్నది అమెరికా తత్వవేత్త జాన్ రాల్స్ 1971లో చెప్పిన ఆలోచన. కష్టపడే గుణం కూడా చాలావరకు ఇంటి పరిస్థితుల నుంచే వస్తుందంటాడాయన. హాల్లోని విద్యార్థులకి అది మింగుడు పడదు. అప్పుడు శాండెల్, మీలో ఇంటికి మొదటి సంతానం ఎంతమంది అని అడుగుతారు. హాల్లో ఎక్కువ చేతులు లేస్తాయి. ఎవరూ ఏ క్రమంలో పుట్టాలో ఎంచుకోలేదు కదా! ఆ ఒక్క నిమిషం కోసమైనా ఆ భాగం చూడాలి.

మూడు నుంచి ఐదు వరకు అమెరికా పన్నులు, సైన్యం, అద్దె గర్భం. అవసరమైతేనే చూడండి. తొమ్మిదో భాగం చూసి మాత్రం మన రిజర్వేషన్ల మీద జవాబు రాసేయకండి. అక్కడి వాదన అమెరికా యూనివర్సిటీ అడ్మిషన్లలో జాతిని లెక్కలోకి తీసుకోవచ్చా అన్నదాని చుట్టూ తిరుగుతుంది. మన దగ్గర అది రాజ్యాంగంలోని 15, 16 అధికరణల దగ్గర మొదలవుతుంది, దాని వెనక కులం చరిత్ర ఉంది.

నా అసలు అసంతృప్తి వేరే. అరిస్టాటిల్ నుంచి రాల్స్ దాకా ఇరవై మూడు శతాబ్దాలు నడిచిన ఈ పాఠాల్లో బుద్ధుడికీ, కన్ఫ్యూషియస్‌కీ, గాంధీకీ, అంబేడ్కర్‌కీ ఒక్క భాగం కూడా లేదు. మన సిలబస్ భారతీయ తాత్వికుల్ని కూడా అడుగుతుంది. అది విడిగా చదువుకోవాల్సిందే. బుద్ధుడితో మొదలుపెట్టండి, కానీ శాండెల్ పద్ధతి వదలకండి: ముందు కేసు, తర్వాత మీ జవాబు, ఆ తర్వాతే బుద్ధుడి మాట.

పరీక్షకి నెల రోజులే ఉంటే 1, 2, 6, 8 భాగాలు చాలు. పదో భాగంలో కేసీ మార్టిన్ గోల్ఫ్ కేసు ఉంది. కాలి జబ్బు వల్ల నడవడం కష్టమైన ఆటగాడు టోర్నమెంట్‌లో గోల్ఫ్ బండి వాడొచ్చా అన్న ప్రశ్నతో అరిస్టాటిల్‌ని అంత తేలిగ్గా చెప్పినవాళ్లని నేను చూడలేదు. టైముంటే దాన్నీ కలుపుకోండి.