మొదటిసారి వేగమైన కారు: పక్క సీటు మేలా, స్టీరింగ్ మేలా?

నాకు పదిహేడేళ్లప్పుడు బాబాయి స్నేహితుడొకాయన తన పాత పోర్షే 911 టర్బోలో నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ఖాళీగా ఉన్న ఒక రేస్ ట్రాక్ మీద మూడు ల్యాప్‌లు తిప్పారు. ఇరవై మూడేళ్లప్పుడు వేరే ట్రాక్ మీద నేనే ఒక స్పోర్ట్స్ కారు నడిపాను. రెండూ నాకు మొదటిసార్లే. ఇప్పుడు తలుచుకుంటే మొదటిది నిన్న జరిగినట్టు ఉంటుంది. రెండోది ముక్కలు ముక్కలుగా గుర్తొస్తుంది.

అందుకే, "జీవితంలో ఒక్కసారైనా వేగమైన కారు ఎక్కాలని ఉంది, పక్కన కూర్చోవాలా, నేనే నడపాలా?" అని ఎవరైనా అడిగితే ముందు పక్క సీటే అంటాను. ఈ మాట చాలామందికి నచ్చదు. పక్కన ఊరికే కూర్చోవడంలో ఏముంటుంది అంటారు. చాలా ఉంటుంది.

నిజానికి మన ఒంటికి వేగం తెలియదు. గంటకు 850 కిలోమీటర్ల వేగంతో పోతున్న విమానంలో గ్లాసులో నీళ్లు కదలవు. చెవి లోపల ఉండే సమతూకపు అవయవాలు పసిగట్టేది వేగంలో మార్పునే. పెరగడం, తగ్గడం, పక్కకు తిరగడం, అంతే. మామూలు కారు సున్నా నుంచి 100 కిలోమీటర్ల వేగానికి పది పన్నెండు సెకన్లలో చేరుతుంది, అప్పుడు సీటు వీపును మెత్తగా నెట్టినట్టు ఉంటుంది. అదే మూడు సెకన్లలో చేరితే వీపు మీద పడే బలం దాదాపు మన ఒంటి బరువంత. వెల్లకిలా పడుకున్నప్పుడు నేల మనల్ని ఎంత బలంగా మోస్తుందో, సీటు అంత బలంగా ముందుకు నెడుతుంది.

ఇక్కడే పక్క సీటుకీ స్టీరింగ్‌కీ తేడా వస్తుంది. నడిపేవారికి తాము ఏం చేయబోతున్నారో ముందే తెలుసు. యాక్సిలరేటర్ తొక్కే ముందే మెడ బిగుసుకుంటుంది, మలుపుకి ముందే ఒళ్లు ఒరుగుతుంది. కారులో వాంతులయ్యేవాళ్లు కూడా తామే నడుపుతున్నప్పుడు బాగుండటానికి కారణం చాలావరకు ఇదే. పక్కన కూర్చున్నవాళ్లకు ఆ ముందస్తు కబురు లేదు. అందుకే కారు చేసే ప్రతి పనీ వాళ్లకు పూర్తిగా తగులుతుంది.

నాకు అలాగే తగిలింది. 911 టర్బో మొదటిసారి వచ్చింది 1975లో. మూడు లీటర్ల ఇంజిన్, 260 హార్స్‌పవర్. ఈ రోజు లెక్కల్లో అది పెద్ద సంఖ్య కాదు, కానీ ఆ శక్తి వచ్చే తీరే వేరు. టర్బో అంటే ఇంజిన్‌లోకి గాలిని ఎక్కువగా తోసే చిన్న ఫ్యాన్ లాంటిది. అది తిరగాలంటే ఇంజిన్ వదిలే పొగ ఒత్తిడి దాన్ని తిప్పాలి. ఆ ఒత్తిడి పెరగడానికి కాస్త టైమ్ పడుతుంది. అంతవరకు పెడల్ పూర్తిగా తొక్కినా కారు మామూలుగానే ఉంటుంది. ఆయన నాకు ముందే చెప్పారు: "తల వెనక్కి ఆనించుకో అమ్మా. తొక్కగానే ఏమీ జరగదు. ఒకటి, రెండు లెక్కపెట్టు." నేను లెక్కపెట్టాను. రెండు అనేలోపే వెనకాల ఒక పెద్ద ఈల మొదలైంది, ఆ వెంటనే ఎవరో రెండు చేతులతో సీటును ముందుకు తోసినట్టయింది. నోట్లో మాట నోట్లోనే ఉండిపోయింది.

కానీ అన్నిటికంటే బాగా గుర్తున్నది ఆ తోపు కాదు, బ్రేక్. ట్రాక్ చివర మలుపు పెరుగుతూ మీదికి వస్తోంది. ఆయన కాలు తీయలేదు. నా లెక్క ప్రకారం ఎప్పుడో తీయాలి. నా కుడికాలు దానంతట అదే నేలను అదిమింది, అక్కడ పెడల్ లేకపోయినా. అప్పుడు ఆయన బ్రేక్ వేశారు. బెల్టు భుజం మీద కోసినట్టు బిగిసింది, తల ముందుకు వాలింది, ఒక్కసారిగా కారు చిన్నదై, నెమ్మదై, ఆ మలుపులో ఒద్దికగా తిరిగింది. వేగమైన కారు అంటే వేగంగా పరిగెత్తేది అనుకునేదాన్ని. వేగంగా ఆగగలిగేది కూడా అని ఆ క్షణంలో ఒంటికి తెలిసింది. మంచి స్పోర్ట్స్ కారు గంటకు 100 కిలోమీటర్ల వేగం నుంచి దాదాపు 36 మీటర్లలో ఆగుతుంది. 200 నుంచి ఆపాలంటే దానికి రెట్టింపు కాదు, నాలుగింతలు కావాలి, అంటే 140 మీటర్ల పైమాటే. వేగం రెట్టింపైతే దాని శక్తి నాలుగింతలవుతుంది కాబట్టి. స్కూల్లో చదివిన ఆ సూత్రానికి అర్థం నాకు ఆ బెల్టు చెప్పింది.

ఇంకా ఆయన చేతులు గుర్తున్నాయి. ఇంత గోలలో అవి ఎంత నిదానంగా ఉన్నాయో! స్టీరింగ్‌ను బిగించి పట్టుకోలేదు. గేరు మార్చేటప్పుడు తోయలేదు, చెయ్యి ఆనించి జరిపారంతే. ఇంజిన్ చేసే గోల, కాలిన రబ్బరు వాసన, అద్దం మీద మధ్యాహ్నపు ఎండ, ఆ చేతులు, అన్నీ చూడటానికి నాకు తీరిక ఉంది. ఎందుకంటే చేయాల్సిన పని ఏదీ నాది కాదు.

ఇక నేను నడిపిన రోజు. ముందు ఇంజిన్, వెనక చక్రాలకు శక్తి, రెండు సీట్ల చిన్న కారు. పక్కన ఇన్‌స్ట్రక్టర్. ఆ రోజు ఇంజిన్ ఎలా వినిపించిందని అడిగితే చెప్పలేను. ఎండ ఉందో మబ్బుందో చెప్పలేను. గుర్తున్నవి మూడే: మలుపుకి 100 మీటర్ల ముందు పాతిన తెల్ల బోర్డు, నా చేతుల చెమట, "బోర్డు వైపు కాదు, మలుపు చివరకి చూడండి" అని పదే పదే వినబడిన గొంతు. ధ్యాసంతా పనికే పోయింది. అనుభవానికి మిగల్లేదు. గంటకు 100 కిలోమీటర్ల వేగమంటే సెకనుకి దాదాపు 28 మీటర్లు. కొత్తవాళ్ల బుర్రకు ఆ సెకనులో దారి చూడటానికే టైమ్ చాలదు, ఆనందించడానికి ఎక్కడిది?

నాలుగో ల్యాప్‌లో తప్పు చేశాను. ఒక పొడుగాటి మలుపు మధ్యలో వేగం ఎక్కువైందనిపించి భయంతో యాక్సిలరేటర్ మీంచి కాలు ఠక్కున తీసేశాను. ఎవరైనా చేసే పనే అనిపిస్తుంది. కానీ అలా తీయగానే కారు బరువు ముందు చక్రాల మీదికి వెళ్తుంది, వెనక చక్రాలు తేలికై పట్టు వదిలేస్తాయి. కారు వెనక భాగం ముందుకొచ్చింది, ట్రాక్ మొత్తం కళ్ల ముందు గిర్రున తిరిగింది, గడ్డి మీద ఆగాం. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఇన్‌స్ట్రక్టర్ కోప్పడలేదు. "కాలు తీసేటప్పుడు కూడా తొక్కినంత నెమ్మదిగా తీయాలండీ" అని మాత్రం అన్నారు. ఆ మాట ఇప్పటికీ మామూలు రోడ్డు మీద వాన పడుతుంటే నాకు పనికొస్తోంది.

నడపడంలో పక్క సీటు ఇవ్వలేనిది కూడా ఒకటుంది, దాన్ని తక్కువ చేయను. మధ్యాహ్నం ఎన్నో ల్యాప్‌లోనో అదే మలుపు ఒక్కసారి సరిగ్గా కుదిరింది. బ్రేక్ సరైన చోట, స్టీరింగ్ ఒక్కటే కదలిక, బయటికి వస్తుండగా పెడల్ మెల్లగా కిందికి. టైర్లు రోడ్డును ఎంత పట్టుకున్నాయో అరచేతుల్లోకి తెలిసింది. అప్పుడు కలిగిన సంతోషం పూర్తిగా నాది. 911లో నాకు కలిగింది ఆశ్చర్యం, అది ఆయన ఇచ్చింది. జ్ఞాపకంగా మిగలాలంటే పక్క సీటు, చేతకావాలంటే స్టీరింగ్. రెండూ కావాలంటే వరుస మార్చకూడదు.

ఈ రెండిటినీ ఒకేచోట కలిపిన కారు ఒకటుంది. గోర్డన్ ముర్రే రూపొందించిన మెక్‌లారెన్ ఎఫ్1లో స్టీరింగ్ సరిగ్గా మధ్యలో ఉంటుంది, చెరో పక్క కాస్త వెనగ్గా ఇంకో రెండు సీట్లు. 1998లో రేస్ డ్రైవర్ ఆండీ వాలెస్ దాన్ని గంటకు 386 కిలోమీటర్ల దాకా తీసుకెళ్లాడు. ఆ సంఖ్య కంటే నాకు ఆ సీట్ల అమరికే ఇష్టం. పక్కన కూర్చున్నవాళ్లు నడిపేవాళ్ల భుజం మీదుగా వాళ్ల చేతుల్నీ, ముందున్న దారినీ కలిపి చూడొచ్చు.

అయితే పక్క సీటు మేలన్న నా మాట నడిపే మనిషిని బట్టి ఉంటుంది. అదే పక్క సీటు నాకు చెడ్డ జ్ఞాపకం కూడా ఇచ్చింది. ఒకసారి తెలిసినవాళ్ల అబ్బాయి రాత్రిపూట మామూలు రోడ్డు మీద కొత్త కారు గంటకు 160 దాటించాడు. "ఏం, భయమేస్తోందా?" అని నవ్వాడు. ఆపమన్నాను, ఆపలేదు. ఆ రాత్రి గురించి నాకు గుర్తున్నది ఎప్పుడు దిగిపోదామా అన్న ఆలోచన ఒక్కటే. ఎదురుగా ఎవరొస్తారో, ఏ జంతువు అడ్డం పడుతుందో తెలియని రోడ్డు మీద ఆ పని చేసేవాళ్ల పక్కన కూర్చోవద్దు. ఇందులో పోల్చడానికి ఏమీ లేదు. మంచి డ్రైవర్‌ని గుర్తుపట్టడం తేలిక: ఏం చేయబోతున్నారో ముందే చెప్తారు. చెయ్యి ఎత్తితే నెమ్మది చేస్తారు. బయలుదేరే ముందే ఆ సైగ ఏమిటో మాట్లాడుకోండి. హెల్మెట్ పెట్టుకుంటే, ఇంజిన్ గోలలో మాట సరిగ్గా వినబడకపోవచ్చు.

ముందు మంచి డ్రైవర్ పక్క సీటు అన్న మాట జర్మనీలోని నూర్‌బర్గ్‌రింగ్ పాత రేస్ ట్రాక్‌కి కూడా వర్తిస్తుంది. 20.8 కిలోమీటర్ల ఆ దారి 1927లో మొదలైంది. ఏడాదిలో కొన్ని రోజులు టికెట్ కొని ఎవరైనా సొంత కారుతో వెళ్లొచ్చు. మొదటిసారి నడపడానికి మాత్రం అది చోటు కాదు. ముందేముందో కనిపించని మలుపులు, ఎత్తుపల్లాలు, పక్కనే కంచె. అక్కడ సబీన్ ష్మిట్జ్ ఎన్నో ఏళ్లు బీఎండబ్ల్యూ ఎం5ని 'రింగ్ టాక్సీ'గా నడిపి కొత్తవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని తిప్పారు. 1996, 1997లలో అక్కడి 24 గంటల రేసు గెలిచిన మనిషి. ఆమె 2021లో పోయారు. అలాంటివాళ్ల పక్కన ఒక ల్యాప్ కూర్చున్నవాళ్ల అదృష్టం నాకు ఈర్ష్య పుట్టిస్తుంది.

ఎలాంటి కారు అన్నది ఇంకో ప్రశ్న. పక్కన కూర్చోవడానికైతే గొంతున్న పాత పెట్రోల్ కారు. ఎలక్ట్రిక్ కారు తోపులో దాన్ని మించిపోతుంది, అందులో అనుమానం లేదు. మోటార్ సున్నా వేగం దగ్గరే పూర్తి బలం ఇస్తుంది, లెక్కపెట్టేంత ఆలస్యం ఉండదు. అసలు గంటకు 100 కిలోమీటర్లు దాటిన మొదటి కారే ఎలక్ట్రిక్. 1899లో దాన్ని బెల్జియం రేసర్ కమీ జెనాట్జీ నడిపాడు. టెస్లా మోడల్ ఎస్‌లో ఒకసారి పక్కన కూర్చున్నాను. చప్పుడు లేకుండా కడుపు వెనక్కి పోయింది, నిజంగా విడ్డూరం. కానీ నాలుగోసారికి తల తిరిగింది. ముందుగా చెవికి ఏ హెచ్చరికా అందదు, ఇంజిన్ గొంతు పెరగడం అనేదే లేదు. ఆ ఈల కోసం ఎదురుచూసిన ఒకటి, రెండు నాకు అందులో దొరకలేదు.

నడపడానికైతే తక్కువ శక్తి, తక్కువ బరువు ఉన్న కారు. 1989లో వచ్చిన మాజ్దా ఎంఎక్స్-5 లాంటిది. ఒక టన్నులోపు బరువు, 1.6 లీటర్ల ఇంజిన్. టైర్లు ఎక్కడ పట్టు వదులుతాయో తక్కువ వేగంలోనే, ముందే చెప్తుంది. 1987 నాటి ఫెరారీ ఎఫ్40 ఫొటోలు గోడ మీద అంటించుకున్నవాళ్లను నేనెరుగుదును. రెండు టర్బోలు, 478 హార్స్‌పవర్, పవర్ స్టీరింగ్ లేదు, గట్టిగా బ్రేక్ వేస్తే చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ లేదు. అది నేర్చుకోవడం అయిపోయిన తర్వాత ఎక్కాల్సిన కారు.

ఒకవేళ ఎవరైనా మిమ్మల్ని పక్కన కూర్చోబెట్టుకుంటామంటే మూడు ల్యాప్‌లు అడగండి. మొదటిది నెమ్మదిగా, ఏ మలుపు ఎక్కడుందో తెలిసేలా. రెండోది వాళ్ల వేగంతో. మూడోది మళ్లీ నెమ్మదిగా. వేడెక్కిన బ్రేకులు చల్లారడానికి ఆ చివరి ల్యాప్ ఎలాగూ వేస్తారు. ఆ రోజు మూడో ల్యాప్‌లో ఆయన కిటికీ అద్దం దించారు. చల్లగాలి లోపలికొచ్చింది. ఇందాక ఊపిరి బిగబట్టి దాటిన మలుపులన్నీ ఒక్కొక్కటే మెల్లగా పక్కనుంచి వెళ్లాయి, ఒక్కోదాన్ని చూస్తూ "ఇక్కడే కదా అంకుల్ బ్రేక్ వేసింది?" అని అడుగుతూ కూర్చున్నాను. ఆయన ప్రతిదానికీ ఓపిగ్గా "అవునమ్మా, ఇక్కడే" అన్నారు.