రొయ్యల గుంట గట్టు మీద వైఫై సర్వేకి బ్యాటరీ కిట్: రెండేళ్లు వాడాక

నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట, విడవలూరు వైపు రొయ్యల గుంటలకు వైఫై కెమెరాలు పెట్టాలంటే, ముందు యాక్సెస్ పాయింట్‌ని (వైఫై సిగ్నల్ వదిలే పెట్టె) గడకు కట్టి గట్టంతా తిరిగి సిగ్నల్ కొలవాలి. గట్టు మీద ప్లగ్గు ఉండదు. ఉన్నా అది ఏరియేటర్లకు (నీటిలో గాలి కలిపే యంత్రాలు) వెళ్లే లైనే, మోటార్లు స్టార్టయినప్పుడల్లా వోల్టేజీ పడిపోతుంది. బ్యాటరీయే దిక్కు.

ఇప్పటికీ నిలబడిన కిట్ ఇది: 12.8 వోల్టుల 12 ఏహెచ్ (ఆంపియర్-అవర్లు) లిథియం ఐరన్ ఫాస్ఫేట్ ప్యాక్, 12 వోల్టులు తీసుకుని 802.3ఏఎఫ్ ప్రమాణంలో పీఓఈ (నెట్‌వర్క్ కేబుల్‌లోనే కరెంటు) ఇచ్చే ఇంజెక్టర్, బైకుల్లో వాడే 5 ఆంపియర్ల బ్లేడు ఫ్యూజు, చిన్న వాట్ మీటర్. ఫ్యూజు పాజిటివ్ టెర్మినల్‌కి జానెడు లోపే ఉండాలి. దాని తర్వాత వైరు ఎక్కడ నలిగినా అప్పుడే అది కాపాడుతుంది. యాక్సెస్ పాయింట్ 12 వాట్లు తింటే ఇంజెక్టర్ నష్టంతో కలిపి బ్యాటరీ మీద పడేది 14 వాట్లు. ప్యాక్‌లో ఉన్నది 153 వాట్-అవర్లు. పొద్దున ఎక్కితే సాయంత్రం దాకా ఢోకా లేదు.

యూపీఎస్ నుంచి ఊడదీసిన 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ చవకే. కొత్తదైతే ఇదే లోడుకి నాలుగైదు గంటలు వస్తుంది, యూపీఎస్‌లో మూడేళ్లు నలిగింది అందులో సగం కూడా ఇవ్వదు. బరువు రెండు కిలోల పైమాటే. 10.5 వోల్టుల కిందికి దిగనిస్తే చచ్చిపోతుంది, ఆపే సర్క్యూట్ ఏదీ దానిలో ఉండదు. ఒక గుంట చూసి వచ్చేయడానికైతే చాలు.

పవర్ బ్యాంకుతో అసలు చిక్కు కెపాసిటీ కాదు. పీడీ ట్రిగ్గర్ కేబుల్‌తో (యూఎస్‌బీ-సీ పోర్టును ఫలానా వోల్టేజీ ఇమ్మని అడిగే కేబుల్) 12 వోల్టులు తీస్తున్నప్పుడు పక్క పోర్టులో ఫోను గుచ్చితే చాలా మోడళ్లు ఒక్క క్షణం అన్ని పోర్టులూ ఆపి ఎన్ని వోల్టులు ఇవ్వాలో మళ్లీ బేరం మొదలుపెడతాయి. యాక్సెస్ పాయింట్ రీబూటై లేచేసరికి రెండు మూడు నిమిషాలు పోతాయి. ఆ మధ్యలో నడుస్తూ తీసిన రీడింగులన్నీ చెత్తే. పవర్ బ్యాంకు మీద రాసి ఉండే 20000 ఎంఏహెచ్ కూడా 3.7 వోల్టుల లెక్క. అంటే 74 వాట్-అవర్లు, చేతికొచ్చేది ఇంకా తక్కువ.

పాసివ్ ఇంజెక్టర్ జోలికి పోకపోవడం మేలు. అవతల ఏముందో చూడకుండా వోల్టేజీ వదిలేస్తుంది, పొరపాటున ల్యాప్‌టాప్ పెడితే పోర్టు కాలిపోవచ్చు. 802.3ఏఎఫ్ రకం ముందు చిన్న వోల్టేజీతో అవతల 25 కిలో ఓమ్‌ల రెసిస్టెన్స్ ఉందో లేదో తడిమి చూశాకే 48 వోల్టులు ఇస్తుంది. ఇక్కడే ఇంకో మెలిక. ఏఎఫ్ కంటే ఎక్కువ కరెంటిచ్చే 802.3ఏటీ కోరే కొన్ని యాక్సెస్ పాయింట్లు ఏఎఫ్ పవర్ మీద కొన్ని రేడియో చెయిన్లు (సిగ్నల్ పంపే, అందుకునే భాగాలు) ఆపేసి పనిచేస్తాయి. సర్వేలో బలహీనంగా కనబడినది బిగించాక బాగా పనిచేస్తే తప్పు కొలిచింది మనమే. అలాంటి మోడల్‌కి ఏటీ ఇంజెక్టరే కొనాలి.

డీసీ జాక్ 5.5×2.1, 5.5×2.5 మిల్లీమీటర్లని రెండు సైజులున్నాయి. 2.1 పిన్నుకి 2.5 ప్లగ్గు దూరుతుంది, వెలుగుతుంది, గడ కదిలితే ఆరిపోతుంది. స్క్రూ టెర్మినలే నయం.

లిథియం ప్యాక్ వోల్టేజీ చూసి ఎంత మిగిలిందో చెప్పలేం. చాలాసేపు 13 దగ్గరే నిలబడి చివర్లో ఒక్కసారిగా పడిపోతుంది. ఎంత ఖర్చయిందో లెక్కపెట్టే వాట్ మీటర్ అందుకే. ఉప్పుగాలికి టెర్మినళ్లు పచ్చగా చిలుము పడతాయి, పలచగా వాజలిన్ రాస్తే ఆగుతుంది. మే నెల ఎండలో నల్ల డబ్బా వద్దు. వేడెక్కిన ప్యాక్‌ని వెంటనే ఛార్జికి పెట్టొద్దు, ఎక్కువ ప్యాక్‌లకి ఛార్జింగ్ పరిమితి 45 డిగ్రీలే.

సర్వేకి 5 గిగాహెర్ట్జ్‌లో 36 నుంచి 48 మధ్య ఛానల్ ఒకటి కట్టేయండి. రాడార్లు కూడా వాడే ఛానళ్లలో పెడితే మధ్యలో అదే మారిపోవచ్చు. కెమెరా చోట సిగ్నల్ బలం మైనస్ 67 డీబీఎం (సిగ్నల్ కొలిచే యూనిట్, సున్నాకి దగ్గరైన కొద్దీ బలం ఎక్కువ) కంటే తగ్గకూడదు. నీటి మీద నుంచి తిరిగొచ్చే తరంగం నేరుగా వచ్చేదాన్ని కొట్టేస్తుంది కాబట్టి గడను అడుగు పైకీ కిందికీ జరిపి మూడు రీడింగులు తీయాలి. గుంట నిండుగా, ఏరియేటర్లు తిరుగుతున్నప్పుడే కొలవాలి. పంటకీ పంటకీ మధ్య ప్యాక్‌ని సగం ఛార్జితో, ఫ్యూజు పీకి పెట్టాలి. లేదంటే వాట్ మీటరే నెమ్మదిగా ఖాళీ చేసేస్తుంది.