మెంఫిస్ వెళ్తే సన్ స్టూడియో వదలకండి

ముందు రూము సంగతి చెప్పాలి. డాలస్ నుంచి ఏడు గంటలు డ్రైవ్ చేసి రాత్రి పదిన్నరకి టెనెసీ రాష్ట్రంలోని మెంఫిస్‌లో ఒక మోటెల్‌కి చేరాం. ఆన్‌లైన్‌లో 72 డాలర్లన్న రూముకి కౌంటర్ దగ్గర ఇంకో 25 ఫీజన్నారు, పైగా 100 డిపాజిట్. నాన్‌స్మోకింగ్ గది బుక్ చేస్తే, తలుపు తీయగానే సిగరెట్ కంపు. మార్చమంటే కౌంటర్‌లో ఆమె తలెత్తకుండానే ఖాళీ లేదంది. పార్కింగ్ సగం ఖాళీగానే ఉంది! నాన్నకి ఆస్తమా. రాత్రంతా దగ్గుతూనే ఉన్నారు. పొద్దున కాఫీ కూడా ముట్టలేదు, "ఇంటికి పోదాం పద" అన్నారు. డిపాజిట్ తిరిగి రావడానికి 11 రోజులు పట్టింది. రెండో రాత్రి డౌన్‌టౌన్‌లో 131 డాలర్లు పెట్టి హాయిగా పడుకున్నాం. మీరు మొదటే ఆ పని చేయండి.

అలా ముఖం ముడుచుకున్న మనిషినే 706 యూనియన్ అవెన్యూలో ఉన్న సన్ స్టూడియోకి, అంటే పాత పాటల రికార్డింగ్ స్టూడియోకి తీసుకెళ్లాను. టికెట్ 20 డాలర్లు. ఐదేళ్లలోపు పిల్లల్ని టూరుకి రానివ్వరు.

1950లో శామ్ ఫిలిప్స్ అనే రికార్డింగ్ నిర్మాత మొదలుపెట్టిన ఈ స్టూడియోలో పాటలు రికార్డు చేసేది ఒక్క గదిలోనే. 1951లో ఐక్ టర్నర్ సంగీత బృందం ఇక్కడికి వస్తుంటే దారిలో వాళ్ల గిటారిస్టు విల్లీ కిజార్ట్ యాంప్లిఫైయర్ (గిటార్ మోతని పెంచే స్పీకర్ పెట్టె) దెబ్బతింది. పాడైన స్పీకర్‌లో కాగితాలు కుక్కి అలాగే రికార్డు చేశారు. ఇప్పుడు రాక్ గిటార్ అనగానే గుర్తొచ్చే బొంగురు మోత ఆ 'రాకెట్ 88' పాటలో అప్పుడే వినిపిస్తుంది. గైడ్ అది పెట్టగానే నాన్న తలెత్తారు.

నాన్న మా ఊరి గుడి భజనల్లో ముప్పై ఏళ్లు మృదంగం వాయించారు. 1954 జూలైలో రాక్ గాయకుడు ఎల్విస్ ప్రెస్లీ ఇక్కడ పాడిన పాట వింటూ "తాళం ఎవరేస్తున్నారో అడుగు" అన్నారు. అడిగాను. డ్రమ్సే లేవట. ఎల్విస్‌ది మామూలు గిటార్, అతనితో వాయించిన స్కాటీ మూర్‌ది గిబ్సన్ ఈఎస్-295 అనే ఎలక్ట్రిక్ గిటార్. మూడో మనిషి బిల్ బ్లాక్ మనిషెత్తు బాస్ వాయిద్యం తీగల్ని లాగి వదులుతుంటే అవి చెక్కకి తగిలే చప్పుడే తాళం. తర్వాత గైడ్ తన గిటార్ తీగల మధ్య డాలర్ నోటు దోపి వాయించాడు. ఇక్కడే పాడిన గాయకుడు జానీ క్యాష్ డ్రమ్మర్ లేని లోటుని అలా కాగితంతో పూడ్చుకున్నాడు. నాన్న వేళ్లు తొడమీద ఆడటం మొదలైంది. టూరు అయిపోయాక అందరూ బయటికెళ్లినా ఆయన కదల్లేదు, ఇంకోసారి వాయించమని నాచేత అడిగించారు. ఆ కుర్రాడు విసుక్కోకుండా వాయించి, నోటు నాన్న చేతికిచ్చి ఎలా దోపాలో చూపించాడు.

ఎల్విస్ ఇల్లు గ్రేస్‌ల్యాండ్‌కి కూడా వెళ్లాం, టికెట్ మనిషికి 80 డాలర్లు దాటింది. కార్లు, విమానాలు బాగానే ఉన్నాయి కానీ నాన్న గంటకే కూర్చునే చోటు వెతుక్కున్నారు. ఒక్కటే చూసే టైముంటే స్టూడియోకే వెళ్లండి.

వచ్చే నెల టెక్సస్‌లోనే ఉన్న లబ్బక్ ఊరు వెళ్తున్నాం. అక్కడి మ్యూజియంలో రాక్ గాయకుడు బడ్డీ హాలీ వాయించిన స్ట్రాటోకాస్టర్ గిటార్ ఉందని చెబితే, ఎప్పుడు బయల్దేరదామని నాన్నే అడిగారు. ఈసారి రూముకి ముందే ఫోన్ చేసి, అన్నీ కలిపి ఎంతో మెయిల్‌లో రాయించుకున్నాను.