హారర్ షార్ట్ ఫిల్మ్ తీసేవాళ్లకి ఈ వర్క్‌షాప్ పర్లేదు, కానీ ఎండాకాలం వద్దు
కాలేజీ ఫెస్ట్‌కి హారర్ తీద్దామని గవర్నర్‌పేటలో రెండ్రోజుల వర్క్‌షాప్‌కి వెళ్లాం, మనిషికి 1500. 1960 నాటి హాలీవుడ్ సినిమా ‘సైకో’లో బాత్రూమ్ హత్య సీన్‌ని సార్ ముందు సౌండ్ తీసేసి చూపించారు, భయం సగం పోయింది, తర్వాత కళ్లు మూసుకుని ఆ సీన్‌లో వచ్చే వయొలిన్లే వినమన్నారు, అంతే, చేతుల మీద రోమాలు లేచాయ్! రక్తం కూడా చాక్లెట్ సిరప్పేనంట, బ్లాక్ అండ్ వైట్ కాబట్టి సరిపోయింది (మేమేమో కుంకుమ నీళ్లు రెండు బాటిళ్లు రెడీ చేసుకున్నాం). లైటింగ్ మాత్రం గంటలో లాగించేశారు, ఏసీ పనిచెయ్యదు, బెజవాడ ఎండకి దెయ్యం కంటే ఉక్కపోతే ఎక్కువ భయపెట్టింది. అయినా డబ్బులు దండగ అనను, ఇంటికొచ్చి స్క్రిప్ట్‌లో దెయ్యం కనపడే మూడు షాట్లు పీకేసి తలుపు కిర్రుమనే చప్పుడు పెట్టాం.