ఐఎంఎఫ్ ఎమర్జెన్సీ లోన్లు: సైజు పెరిగింది, వెయిటింగ్ అంతకన్నా పెరిగింది

రేటింగ్ 5కి 3. రెండు స్టార్లు ఎందుకు తీసేశానో చెప్తా.

ఒక దేశం దగ్గర డాలర్లు అయిపోయి, ఆయిల్ కొనడానికీ పాత బాండ్ల వడ్డీ కట్టడానికీ రిజర్వుల్లో ఏమీ మిగలనప్పుడు ఐఎంఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్య నిధి) ఇచ్చే అప్పు ఇది. కాబట్టి నేను చూసే కొలత ఒక్కటే, అడిగిన రోజు నుంచి మొదటి వాయిదా చేతికొచ్చేదాకా ఎంత టైం పట్టింది? ఎంత ఇచ్చారు అనేది ఆ తర్వాతే, ఎందుకంటే మధ్యలో పోయే ప్రతి నెలా జనం పెట్రోల్ క్యూల్లో, మందుల్లేని ఆసుపత్రుల్లో గడుపుతారు.

ఆ లెక్కన బెస్ట్ సర్వీస్ అంటే కొరియాకి ఇచ్చిందే. 1997 నవంబర్ 21న అడుగుతున్నామని ప్రకటించారు, డిసెంబర్ 4న ఐఎంఎఫ్ బోర్డు 21 బిలియన్ డాలర్లు ఓకే చేసేసింది, రెండు వారాలు కూడా పట్టలేదు. షరతులు మాత్రం చాలా కఠినం, వడ్డీరేట్లు పెంచమన్నారు, కంపెనీలు మూతపడ్డాయి, ఉద్యోగాలు పోయాయి, జనం ఇంట్లో బంగారం తెచ్చి ప్రభుత్వానికి ఇచ్చారు. అయినా 2001 ఆగస్టుకే మొత్తం తీర్చేశారు, గడువు కన్నా చాలా ముందే. అదే టైంలో ఇండోనేషియాలో మాత్రం ఘోరంగా ఫెయిలయ్యారు, 1997 నవంబర్‌లో ప్రోగ్రాంలో (అంటే షరతులతో ఇచ్చే అప్పు ఒప్పందంలో) భాగంగా 16 బ్యాంకులు ఒక్కసారే మూసేయించారు, డిపాజిట్లకి పూర్తి గ్యారంటీ లేదు, దాంతో జనం మిగతా బ్యాంకుల మీద పడ్డారు. డబ్బు త్వరగా వచ్చినా సలహా తప్పైతే ఏమవుతుందో అక్కడ తెలిసింది.

ఆ అనుభవం తర్వాత చాలా దేశాలు మళ్ళీ ఆ గుమ్మం తొక్కకూడదని సొంతంగా డాలర్లు పోగేసుకున్నాయి, బ్రెజిల్, అర్జెంటీనా 2005-06లో బాకీ ముందే కట్టేశాయి. ఐఎంఎఫ్‌కి తిరిగి రావాల్సిన అప్పుల మొత్తం 2003లో 70 బిలియన్ ఎస్‌డీఆర్‌ల (ఐఎంఎఫ్ సొంత లెక్కల యూనిట్) దాకా ఉండేది, 2007 కల్లా 10 బిలియన్ల చుట్టూ పడిపోయింది. ఇక వీళ్ళ పని అయిపోయిందని అప్పట్లో సీరియస్‌గానే మాట్లాడుకున్నారు. 2008 వచ్చింది, హంగేరీ, ఉక్రెయిన్, పాకిస్తాన్ వరసగా వచ్చాయి, సీన్ మొత్తం మారిపోయింది. ఇప్పుడు ఆ మొత్తం 100 బిలియన్ ఎస్‌డీఆర్‌ల పైనే.

సైజు పెరగడం మంచిదేనా అంటే, అన్నిసార్లూ కాదు. 2018లో అర్జెంటీనాకి 57 బిలియన్ డాలర్ల ప్రోగ్రాం ఇచ్చారు, ఐఎంఎఫ్ చరిత్రలోనే పెద్దది, అందులో దాదాపు 44 బిలియన్లు వెళ్ళాయి, పెట్టుబడులు బయటికి పోవడం ఆగలేదు, అప్పు మాత్రం దేశం నెత్తిన ఉండిపోయింది. ప్రోగ్రాం లక్ష్యాలు నెరవేరలేదని 2021 చివర్లో ఐఎంఎఫ్ సొంత రిపోర్టే ఒప్పుకుంది. తీర్చలేని అప్పుల్లో ఉన్నవాడికి ముందు పాత అప్పు తగ్గించాలి, కొత్తది ఎంత ఇచ్చినా నిలవదు.

ఇక్కడే నాకు అసలు కోపం. శ్రీలంక 2022 ఏప్రిల్‌లో విదేశీ అప్పులు కట్టడం ఆపేసి సాయం అడిగింది, సెప్టెంబర్‌లో అధికారుల స్థాయిలో ఒప్పందం అయింది, కానీ బోర్డు ఓకే చెప్పింది 2023 మార్చి 20న. దాదాపు ఏడాది! అది కూడా 3 బిలియన్ డాలర్లు, మొదటి వాయిదా దాదాపు 330 మిలియన్లు. ఆ మధ్యలో శ్రీలంకని నిలబెట్టింది ఎక్కువగా భారత్ ఇచ్చిన దాదాపు 4 బిలియన్ల సాయమే. జాంబియా అయితే 2020 నవంబర్‌లో బాకీ కట్టలేక డిఫాల్ట్ అయితే ప్రోగ్రాం వచ్చింది 2022 ఆగస్టులో.

ఎందుకింత లేటు అంటే, అప్పు తీర్చే స్థితికి దేశం వస్తుందని నమ్మకం లేకుండా ఐఎంఎఫ్ ఇవ్వకూడదు, ఆ నమ్మకం కావాలంటే పాత అప్పులిచ్చిన ప్రభుత్వాలు మేం తగ్గిస్తాం అని ముందు హామీ రాసివ్వాలి. 80లలో పెద్ద బ్యాంకుల కమిటీ, పారిస్ క్లబ్ (అప్పులిచ్చిన ప్రభుత్వాల బృందం) కూర్చుంటే ఏదో ఒకటి తేలేది (అప్పుడూ నిజమైన తగ్గింపుకి బ్యాంకుల పాత అప్పుల్ని తగ్గించి కొత్త బాండ్లుగా మార్చిన 1989 బ్రాడీ ప్లాన్ దాకా ఆగాల్సొచ్చింది, అది వేరే కథ). ఇప్పుడు బాండ్లు కొన్నవాళ్ళు వందల మంది, పైగా చైనా పారిస్ క్లబ్‌లో సభ్యురాలు కాదు. శ్రీలంకకి భారత్ 2023 జనవరిలో హామీ ఇస్తే చైనా సరైన లెటర్ ఇచ్చేసరికి మార్చి వచ్చేసింది. పైగా చైనా తనే పక్కన ఇంకో కౌంటర్ నడుపుతోంది, 2021 వరకు 22 దేశాలకి 240 బిలియన్ డాలర్ల రెస్క్యూ లోన్లు ఇచ్చిందని పరిశోధకులు లెక్క తేల్చారు, ఎక్కువగా స్వాప్ లైన్ల (కేంద్ర బ్యాంకులు ఒకదానికొకటి కరెన్సీ మార్చుకునే ఏర్పాటు) రూపంలో. షరతులు తక్కువ, వడ్డీ ఎక్కువ, వివరాలు బయటికి రావు, దాంతో దేశాలు ముందు అక్కడికెళ్ళి, అన్నీ అయిపోయాక చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఐఎంఎఫ్ దగ్గరికొస్తున్నాయి.

త్వరగా ఇవ్వడం చేతకాదా అంటే అదీ కాదు, 2020లో కోవిడ్ వచ్చినప్పుడు పదుల దేశాలకి వారాల్లో ఇచ్చారు, వాయిదాల షరతులు కూడా లేవు. కాకపోతే కోటాని (ఐఎంఎఫ్‌లో ఆ దేశానికున్న వాటా) బట్టి పరిమితి, అందుకే ఆ మొత్తాలు చిన్నవి.

ఎక్కువ అప్పు తీసుకున్నవాళ్ళ మీద వేసే సర్‌చార్జీలు (అదనపు వడ్డీ) 2024లో తగ్గించారు, అది మంచి పని. అదే ఏడాది ఏప్రిల్‌లో, ఏ ప్రభుత్వమైనా హామీ ఇవ్వకుండా నాన్చుతుంటే కొన్ని రక్షణలు పెట్టుకుని ముందుకెళ్ళేలా రూల్స్ కూడా సడలించారు. నాకు దీని మీదే ఆశ. ఇంకో శ్రీలంక లాంటి కేసు వచ్చినప్పుడు ఆ రూల్ వాడి మూడు నెలల్లోపు డబ్బు చేర్చగలిగితే తీసేసిన స్టార్లలో ఒకటి వెనక్కి ఇచ్చేస్తా, రెండోది, పాత అప్పు తగ్గించమని ఐఎంఎఫ్ ముందే అడిగిన రోజున ఇస్తా.